మన తేదీలకు ఒక గోడ ఇవ్వండి

కొండకల్ గ్రామ పంచాయతీ సర్పంచ్ గారికి, ఉప సర్పంచ్, వార్డు సభ్యులకు, కార్యదర్శి గారికి,

సర్పంచ్ గారూ,

మోరీ తీయించండి, వీధిదీపం వేయించండి, నల్లా రావట్లేదు చూడండి అంటూ మీ టేబుల్ మీదకు రోజూ కాగితాలు వస్తూనే ఉంటాయి. ఈ కాగితం వాటిలో కలిసేది కాదు. దీనికి నిధులతో పని లేదు. మహా అయితే రెండు డబ్బాల పెయింటు, ఒక చాక్‌పీసుల పెట్టె. నేను అడుగుతున్నది పంచాయతీ ఆఫీసు గోడ, అదీ వీధి వైపు ఉన్నది. దాని మీద ఊరి క్యాలెండర్ రాయించండి. మీ ఒక్కరి సంతకంతో అయ్యే పని కాదు కాబట్టే ఉత్తరాన్ని అందరి ముందూ పెడుతున్నాను. శంకర్‌పల్లి, మోకిల, చేవెళ్ల, మొయినాబాద్ వైపు ఊళ్లన్నిటి సంగతీ ఇంతే గనుక వాళ్లు చదివినా తప్పు లేదు.

ఊళ్లో రోజులకేం కరువు అంటారేమో. నిజమే, కార్యదర్శి గారి ఫోన్ చూస్తే తెలుస్తుంది. జనవరి 25 ఓటర్ల దినం. ఏప్రిల్ 24 పంచాయతీరాజ్ దినం, 1993లో 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చిన తేదీ. జూన్ 5 పర్యావరణం, జూన్ 21 యోగా, నవంబర్ 19 మరుగుదొడ్ల దినం. ప్రతిదానికీ ఒక బ్యానర్, ఒక ఫోటో. మరుగుదొడ్ల దినమంటే నవ్వొస్తుంది గానీ నాకు దాని మీద గౌరవమే. సింగపూర్‌లో జాక్ సిమ్ అనే ఆయన 2001లో మొదలుపెడితే 2013లో ఐక్యరాజ్యసమితి ఒప్పుకుంది. పన్నెండేళ్లు ఆ మాట పట్టుకుని తిరగడానికి గుండె ధైర్యం కావాలి.

ఐక్యరాజ్యసమితి జాబితా తిరగేస్తే ఒక సంగతి అర్థమవుతుంది. ఎవరు అడిగితే వాళ్లకు రోజు దొరికింది. స్లోవేనియా అడిగింది, మే 20 తేనెటీగల దినమైంది. పెరూ పట్టుబట్టింది, మే 30 ఆలుగడ్డ దినమైంది. మే 2న ట్యూనా చేపకు కూడా ఒక రోజు ఉంది. పప్పుధాన్యాలకు ఫిబ్రవరి 10 ఇప్పించిన దేశం ఆఫ్రికాలోని బుర్కినా ఫాసో. మన పక్కనున్న తాండూరు కందికి 2022లో జీఐ గుర్తింపు వచ్చింది, కంది లేని ఇల్లు ఈ వైపున ఉండదు, అయినా ఫిబ్రవరి 10 అంటే మనకేమీ గుర్తు రాదు. అడిగింది మనం కాదు కదా.

ఉత్త సరదాకు పుట్టిన రోజులూ ఉన్నాయి. 1995లో అమెరికాలో ఇద్దరు స్నేహితులు ఆట ఆడుకుంటూ, ఏడాదికోసారి అందరూ సముద్రపు దొంగల్లా మాట్లాడాలని నిర్ణయించారు. తేదీ సెప్టెంబర్ 19. ఎందుకంటే అది ఇద్దరిలో ఒకాయన మాజీ భార్య పుట్టినరోజు, మరిచిపోయే ప్రమాదం లేదు. 2002లో ఒక పత్రికా రచయిత దాని గురించి రాసేసరికి ప్రపంచమంతా పాకింది. ఇద్దరు మనుషులు, ఒక తేదీ, రాసిపెట్టే ఒక చెయ్యి. అంతకు మించి ఏమీ లేదు అక్కడ.

మన ప్రభుత్వాలూ తక్కువ తినలేదు. 2023లో రాష్ట్ర అవతరణ దశాబ్ది ఉత్సవాలు గుర్తున్నాయా? జూన్ 2 నుంచి 22 వరకు రోజుకొక పేరు. రైతు దినోత్సవం, సుపరిపాలన దినోత్సవం, తెలంగాణ రన్, మంచినీళ్ల పండుగ, హరితోత్సవం. చివరి రోజైన 22న అమరుల సంస్మరణ, అదే రోజు మన కొండకల్‌లో మేధా వాళ్ల రైలు పెట్టెల ఫ్యాక్టరీ ప్రారంభం. అప్పటి ముఖ్యమంత్రి వచ్చారు, రోడ్లన్నీ కార్లు. ఆ జాబితాలో జూన్ 8 నాడు ‘ఊరూరా చెరువుల పండుగ’ పెట్టారు. పెట్టినవాళ్లు తెలిసి పెట్టారో తెలియక పెట్టారో గానీ ఆ రోజు మృగశిర కార్తె. చెరువు చేప ఇంటింటా కూరయ్యే రోజు. ప్రభుత్వం పెట్టిన పేరు ఆ ఒక్క ఏడాదితో పోయింది. మృగశిర ఆ తర్వాతి ఏడాదీ వచ్చింది, చేపల ధర ఆ ఏడాదీ పెరిగింది.

ఇక సెప్టెంబర్ 17. 1948లో హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసిన సందర్భం. దానికి కేంద్రం విమోచన దినం అంటుంది, పోయిన రాష్ట్ర ప్రభుత్వం సమైక్యతా దినోత్సవం అంది, ఇప్పటి ప్రభుత్వం ప్రజా పాలన దినోత్సవం అంటోంది. నేనిందులో దూరను. ఇంజనీర్లకు కూడా రెండు రోజులున్నాయి. దేశమంతటికీ సెప్టెంబర్ 15, విశ్వేశ్వరయ్య జయంతి. తెలంగాణకు జూలై 11, నవాబ్ అలీ నవాజ్ జంగ్ జయంతి. ఇద్దరి పనీ మనకు కూతవేటు దూరంలోనే ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద హైదరాబాద్‌ను ముంచేశాక, అలాంటిది మళ్లీ రాకుండా ఆలోచన చెప్పినవాడు ఒకరు, కట్టుబడి నడిపినవాడు మరొకరు. 1920లో గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. మొయినాబాద్ బడిపిల్లలు ఈ రెండు రోజుల్లో ఏదో ఒకనాడు కట్ట మీదికి పోయి తూములు చూసొస్తే ఎంత బాగుంటుంది!

ఇప్పుడు సెలవుల జాబితాకు వస్తాను. ఏటా రాష్ట్ర ప్రభుత్వం జీవో ఇస్తుంది. 2025కు 27 సాధారణ సెలవులు, 23 ఐచ్ఛిక సెలవులు, ఐచ్ఛికాల్లో ఉద్యోగి వాడుకోగలిగినవి ఐదు. అందులో చిత్రాలున్నాయి. జనవరి 1న సెలవిచ్చి, దానికి బదులు ఫిబ్రవరి రెండో శనివారం పని చేయిస్తారు. పార్శీల కొత్త సంవత్సరం ఉంది, బసవ జయంతి ఉంది, యాజ్ దహుమ్ షరీఫ్ ఉంది. ఉండాల్సిందే, సంతోషం. కానీ బోనాల సెలవు చూడండి. అది నగరం బోనాల లెక్కన ఆషాఢంలో వచ్చే సోమవారం. పల్లెల్లో చాలాచోట్ల పోచమ్మ బోనం ఎత్తేది శ్రావణంలో, అదీ ఊరికో వారం. సెలవున్న రోజు మనకు బోనం లేదు, బోనమున్న రోజు మనకు సెలవు లేదు. ఫ్యాక్టరీలో షిఫ్టుకు పోయే పిల్లవాడు ఆ పూట తల్లి నెత్తిన బోనం చూడాలంటే పర్మిషన్ అడగాలి. నేను సెలవు అడగడం లేదు. ఫలానా రోజు ఈ ఊళ్లో బోనాలు అని గోడ మీద నెల ముందు రాసి ఉంటే, ఆ సూపర్‌వైజర్ బండి మీద పోతూ పోతూ చదువుతాడు. అడిగే పిల్లవాడికి అంతమాత్రం ఆసరా చాలు.

గోడ ఎలా ఉండాలో చెబుతాను. రెండు భాగాలు చేయాలి. ఒకటి పెయింటుది, ఒకటి చాక్‌పీసుది.

పెయింటు భాగం కార్తెలకు. సూర్యుడి నడకను బట్టి వచ్చేవి కాబట్టి కార్తెలు ఇంగ్లీషు తేదీలకు ఇంచుమించు కట్టుబడి ఉంటాయి. మొత్తం 27, ఒక్కోటి పదమూడు, పద్నాలుగు రోజులు. మే 25 రోహిణి, జూన్ 8 మృగశిర, జూన్ 22 ఆరుద్ర, ఆగస్టు 17 మఖ, సెప్టెంబర్ 13 ఉత్తర, ఒక రోజు అటూ ఇటూ. ఈ తేదీలు ఒక రోజు జరగడానికే డెబ్బై ఏళ్లు పడుతుంది, గోడ కూలినా తేదీ కూలదు. పక్కనే ఆ కార్తెకున్న సామెత రాయించండి. రోహిణిలో రోళ్లు పగులుతాయి, ఉత్తర చూసి ఎత్తర గంప. ఉత్తర కార్తెకు కూడా వాన పడకపోతే గంప నెత్తినెత్తుకుని వలస పోవడమేనని ఆ రెండో సామెత అర్థం. ఇప్పుడు గంపలెత్తుకుని మన ఊరికే వలస వస్తున్నారు, అది వేరే కథ.

అమెరికాలో పంక్సుటానీ అనే చిన్న పట్నముంది. అక్కడ 1887 నుంచి ఫిబ్రవరి 2న ఒక పందికొక్కు లాంటి జంతువును కలుగులోంచి తీసి, దానికి దాని నీడ కనిపిస్తే చలికాలం ఇంకో ఆరు వారాలు ఉంటుందని తీర్మానిస్తారు. టోపీలు పెట్టుకున్న పెద్దమనుషులు, కెమెరాలు, వేల మంది జనం. ఆ జంతువు జోస్యం సగానికి పైగా సార్లు తప్పుతుంది, అయినా ఎవరూ మానుకోలేదు. మన కార్తెలు దాని కన్నా చాలా నయం. నైరుతి ఎప్పుడు తగులుతుందో, ఏ విత్తు ఎప్పుడు పడాలో తరాల అనుభవం అందులో ఉంది. మనమేమో వాటిని పంచాంగం వెనక పేజీల్లో చిన్న అక్షరాలకు వదిలేశాం.

మృగశిర నాడు ఏం చేస్తామో కూడా రాయించాలి. ఇంగువ, బెల్లం కలిపి ఉండ చేసి పొద్దున్నే ఒకటి మింగడం, మధ్యాహ్నం చేపల పులుసు. చేప తినని వాళ్లకు ఇంగువ బెల్లంతోనే సరి. అదే రోజు హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం ఉబ్బసం వాళ్లకు కొర్రమీను పిల్ల నోట్లో మందు పెట్టి మింగిస్తుంది. 1845 నుంచి ఇస్తున్నామని వాళ్లు చెబుతారు. కరోనాకు ఆగి 2023లో మళ్లీ మొదలైంది. ఆ మందు పనిచేస్తుందని నేననను, ఉబ్బసానికి డాక్టరే దిక్కు. కానీ ఒక కార్తె పేరు మీద దేశం నలుమూలల నుంచి రైళ్లెక్కి జనం వస్తారన్నది మన పిల్లలకు తెలియాలి. ఆరుద్ర పక్కన ఆరుద్ర పురుగు బొమ్మ వేయించండి. తొలి వానలకు చెలకల్లో తేలే ఎర్రటి మఖమల్ పురుగు. అరచేతిలో పెట్టుకుంటే ముందు కాళ్లు ముడుచుకుంటుంది, కాసేపటికి నెమ్మదిగా నడుస్తుంది. అగ్గిపెట్టెలో గడ్డి వేసి దాచుకున్న వాళ్లు ఊళ్లో ఇంకా ఉన్నారు. వెంచర్ వేసి మట్టి కప్పిన చోట అది తేలదు.

చాక్‌పీసు భాగం చంద్రుడి లెక్కన వచ్చే రోజులకు. ఏటా తుడిచి రాయాలి. తిథులు జరుగుతాయి, అధిక మాసం వచ్చిన ఏడాది ఏకంగా నెల వెనక్కి పోతాయి. మొహర్రం అయితే ఏటా పదకొండు రోజులు ముందుకొస్తూ ముప్పై మూడేళ్లకు అన్ని కాలాలూ చుట్టి వస్తుంది. పీర్ల పండుగ నాట్లలోనూ వస్తుంది, కోతల్లోనూ వస్తుంది, నడి ఎండల్లోనూ వస్తుంది. పీర్లను దించి, కడిగి, దట్టీలు కట్టి నిలబెట్టే పనిలో ఏ పల్లెలో చూసినా అన్ని కులాల చేతులూ ఉంటాయి. అలావా గుండం చుట్టూ డప్పుకు అడుగు వేసేటప్పుడు ఎవరిది ఏ ఇల్లని చూడరు. మలీద ముద్ద అందరి కొంగులోనూ పడుతుంది. ప్రభుత్వ జాబితాలో మొహర్రం సెలవుంది, నిజమే. అందులో ఈ అలావా లేదు.

తొలి ఏకాదశికి పేలపిండి. కాముని పున్నానికి ముందు పిల్లల కోలలు. బొడ్డెమ్మ. వీటిని దాటి పెత్రమాస దగ్గర కాస్త ఆగుతాను. భాద్రపద అమావాస్య. పొద్దున పెద్దల పేరు మీద బియ్యమిస్తాం, ఉప్పు, పప్పు, కూరగాయలతో సహా. సాయంత్రానికి అదే ఇంట్లో ఎంగిలిపూల బతుకమ్మ లేస్తుంది. పోయినవాళ్లకు పొద్దున, బతుకుకు సాయంత్రం. ఒకే తేదీలో ఈ రెండూ పెట్టుకున్న క్యాలెండర్ ఇంకెక్కడైనా ఉందేమో గానీ నేను చూడలేదు.

బతుకమ్మ పేర్చడం మీకు నేను చెప్పాలా? కానీ గోడ చదివేది మనమొక్కరమే కాదు కాబట్టి రాస్తున్నాను. సిబ్బిలో గుమ్మడి ఆకులు పరిచి, మొదటి వరుస తంగేడు. గునుగును కాడలు సమంగా కోసి, గుప్పెడేసి దారంతో కట్టి, తెల్లటి కొసలను రంగునీళ్లలో ముంచుతారు. ఎరుపు కట్టలు ఒక పక్క, ఆకుపచ్చవి ఒక పక్క అరుగు మీద ఆరేస్తే పిల్లల వేళ్లన్నీ వారం దాకా అవే రంగులు. వరుస వరుసకు మధ్యలో ఆకులూ కాడల ముక్కలూ కూరి గట్టి చేయకపోతే గోపురం ఒరుగుతుంది. పైన గుమ్మడి పువ్వు, దానిలో పసుపు గౌరమ్మ. శంకర్‌పల్లి, చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో ఇప్పుడు పాలీహౌసుల్లో గులాబీ, జెర్బెరా పండించి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పంపుతున్నారు. పూలకు కొదవ లేదు. గునుగు కోసం మాత్రం మైళ్లు తిరగాలి. దాన్ని ఎవరూ పండించరు, అది పడావు భూముల్లో తనంతట తాను మొలుస్తుంది. పడావు భూమంతా ఇప్పుడు ప్లాటే. మా వాడకట్టు ముసలమ్మ ఒకామె, “గునుగు యాడున్నది బిడ్డా, గోడలే మొలుస్తున్నయి” అంది.

ఆ తొమ్మిది రోజుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఆరో రోజు. అలిగిన బతుకమ్మ. ఆ రోజు బతుకమ్మను పేర్చరు, నైవేద్యం పెట్టరు. ఎప్పుడో మాంసం తగిలి అమ్మవారు అలిగిందని పెద్దవాళ్లు చెబుతారు. దేవతకు అలిగే హక్కు ఒప్పుకుని, బతిమాలకుండా, ఆ ఒక్క రోజు ఆమెను ఆమె మానాన వదిలేసే పండుగ! సెలవుల జాబితాలు రాసేవాళ్లకు ఇలాంటి రోజు ఎన్నటికీ తట్టదు. గోడ మీద ఆ గడిని ఖాళీగా ఉంచి, కింద పేరు మాత్రం రాయించండి.

పాతదల్లా గోడెక్కాలని నా వాదన కాదు. నిజామాబాద్ జిల్లా హున్సాలో హోలీ నాడు తాడుకు అటూ ఇటూ నిలబడి పిడిగుద్దులు గుద్దుకుంటారు. కర్నూలు జిల్లా కైరుప్పలలో ఉగాది మర్నాడు రెండు వర్గాలు పిడకలతో కొట్టుకుంటాయి, భద్రకాళి, వీరభద్రుల పెళ్లి తగవు అంటారు. వినడానికి బాగుంటుంది, తలలు పగిలేది మాత్రం నిజంగానే. ఆడపిల్లను జోగినిగా వదిలే ఆచారానికీ ఒకప్పుడు ముహూర్తాలుండేవి, 1988లో చట్టం చేసి ఆపవలసి వచ్చింది. కాబట్టి ఏది రాయాలి, ఏది వద్దు అన్నది గ్రామసభలో తేలాలి. కొత్త పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టమంటోంది. ఒక సభలో గంటసేపు దీనికివ్వండి. ఆడవాళ్లు ముందు వరుసలో కూర్చోవాలి, ఈ తేదీల్లో సగం వాళ్లకే తెలుసు.

విల్లాల్లో ఉంటున్నవాళ్లనూ పిలవండి. వాళ్లకు ఊరి సంగతులు పట్టవని మనమంటాం, మనం ఎన్నడైనా చెప్పామా? వాళ్లలో కొందరు మార్చి చివరి శనివారం రాత్రి గంటసేపు లైట్లు ఆర్పి ఎర్త్ అవర్ చేస్తారు. 2007లో సిడ్నీలో పుట్టిన పద్ధతి, మంచిదే. వాళ్లకు అనంతపురం జిల్లా తాడిపత్రి మండలం తలారిచెరువు గురించి చెప్పండి. ఏటా మాఘ పౌర్ణమికి ఆ ఊళ్లో అగ్గిపాడు. ఇంట్లో దీపం, పొయ్యిలో నిప్పు, ఏదీ ఉండదు. ముసలీ ముతకా, గొడ్డూ గోదా అంతా ఊరు ఖాళీ చేసి హాజీవలీ దర్గా దగ్గరకు పోయి, అక్కడే వండుకు తిని తిరిగి వస్తారు. పూర్వం తగిలిన శాపానికి పరిహారమని చెబుతారు. హిందువుల ఊరి శాపం దర్గా నీడన తీరడం అక్కడివాళ్లకు వింతగా తోచదు. ఒక పగలూ రాత్రీ కరెంటు లేకుండా ఉండగలిగిన ఊరు అది. మన వాట్సాప్ గ్రూపులో పది నిమిషాలు కరెంటు పోతే ఎన్ని మెసేజ్‌లొస్తాయో మీకు తెలుసు.

ఆ విల్లాలు కట్టే చేతులను కూడా మరవొద్దు. ఒడిశా నుంచి వచ్చిన వాళ్లకు జూన్ నడిమధ్యలో రజ పండుగ. మూడు రోజులు భూమికి విశ్రాంతి, నాగలి ముట్టరు, ఆడపిల్లలు ఉయ్యాలలూగుతారు. అది సరిగ్గా మన మృగశిర కార్తెలో పడుతుంది. బీహార్ వాళ్లకు దీపావళి తర్వాత ఛఠ్, తండాల్లో శ్రావణానికి తీజ్ మొలకలు. చాక్‌పీసు వైపు వాటికీ ఒక్కో గడి ఇస్తే ఎవరి సొమ్మూ పోదు.

తగవు వచ్చేది ఏరువాక పున్నం దగ్గర. జ్యేష్ఠ పౌర్ణమి. ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగు పూసి, తొలి సాలు తోలే రోజు. కర్ణాటకలో ఇదే రోజును కార హుణ్ణిమె అంటారు, అక్కడ ఇంకా ఘనంగా చేస్తారు. మన దగ్గర కాడి కట్టే ఎడ్లు ఎన్ని మిగిలాయో మీకు నాకన్నా బాగా తెలుసు. ఎడ్లు లేనప్పుడు ఏరువాక ఎందుకని కొందరంటారు. ట్రాక్టర్‌కు బొట్టు పెడితే చాలని కొందరంటారు. నా మటుకు ట్రాక్టర్‌కైనా సరే పెట్టాలి. దసరాకు ఫ్యాక్టరీల్లో మిషన్‌కు గుమ్మడికాయ కొడుతున్నాం కదా, దున్నే బండి ఏం పాపం చేసింది? పైగా జూన్ 5న మొక్క నాటి ఫోటో తీసుకుంటూనే, చేవెళ్ల రోడ్డు విస్తరణలో తొమ్మిది వందల పైచిలుకు మర్రిచెట్ల కోసం ఏళ్ల తరబడి కోర్టుకెక్కాల్సి వచ్చిన నేల ఇది. నేలకు ఒక పున్నం కేటాయించుకోవడం మరీ ఎక్కువేమీ కాదు.

ఆ గ్రామసభకు ట్రాక్టర్ డ్రైవర్లను పేరుపేరునా పిలిపించండి. ఏరువాక గడిలో ఏం రాయాలో వాళ్లే చెప్పాలి. కార్తెల తేదీలు, సామెతలు నేను ఒక కాగితం మీద వేరే రాసిపెట్టాను, కార్యదర్శి గారికి అందిస్తాను. తిథులకు మన అయ్యగారిని, చాంద్ తేదీలకు మసీదు పెద్దలను అడగాలి. రాసే పని బడిపిల్లలది, తప్పులు దిద్దే పని టీచర్లది. వానలు పడకముందే పెయింటు ఆరాలి కాబట్టి రోహిణి కార్తె దాటనివ్వొద్దు.

ఇట్లు,
కొండకల్ వాసి ఒకరు